ఎలీసమ్మ ఫోన్లో పేర్లు

ఎలీసమ్మ కూలీల ముఠాలో మరియమ్మలు ముగ్గురు. అందుకని ఆమె ఫోన్లో వాళ్ళు ఎర్రచీర మరియమ్మ, కళ్ళజోడు మరియమ్మ, లేటు మరియమ్మ. ఈ మూడో ఆమె ఆటో హారన్ మోగకముందు ఏనాడూ గడప దాటి ఎరుగదు. రైతులకూ అలాంటి పేర్లే. మజ్జిగ శేషయ్య అంటే మధ్యాహ్నం చేలోకి బిందెతో మజ్జిగ పంపించే మనిషి. పీనాసి బుల్లయ్య అంటే మంచినీళ్ళ క్యాను కూడా కూలీలనే తెచ్చుకోమనే మనిషి. చర్చిలో పాటల పుస్తకం చూసి పాడదామని పెద్దయ్యాక నేర్చుకున్న అక్షరాలవి. వాటితో ఈ పని చేస్తుందని నేర్పిన పాస్టరమ్మ అనుకుని ఉండదు.

పర్చూరు పక్క పల్లెలో ఆమె మిరప కోతల మేస్త్రి. కాయ పండిందంటే రైతు ముందు ఆమెకే ఫోను చేస్తాడు. సాయంత్రం పొయ్యి మీద కూర పడేసి, గడపలో కూర్చుని, రేపు ఏ చేను, ఆటో ఎక్కడ ఆగుతుంది, ఎవరు ఎవరిని లేపుకురావాలి అన్నీ ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతుంది. మొగుడు పోయాక పత్తి ఏరడానికి వెళ్ళిన మనిషి, నోరు, నమ్మకం పెట్టుబడిగా మేస్త్రి అయింది. ఆ ఫోన్లో నెంబర్లే ఆమె ముఠా. అవి చెయ్యి జారితే ఆమె మళ్ళీ మామూలు కూలీ.

ఫోను పర్చూరులో అన్వర్ కొట్లో కొన్నది. కొన్న కొత్తల్లోనే అందులో ముక్కూ మొహం తెలియని జనం కనిపించారు. ‘అల్లుడు గారు’లు చాలామంది. పాలాయనలు, బోరు మెకానిక్కులు, ఎవరో చీరాల అత్తయ్య. కొట్టువాళ్ళు ఇచ్చే క్యాలెండరు మీద దేవుడి బొమ్మ ఉన్నట్టే, ఫోనుతో కొన్ని నెంబర్లు కూడా వస్తాయి కాబోలనుకుంది. ఒకసారి వేలు తగిలి ఒక అల్లుడు గారికి ఫోను వెళ్ళింది.

“అమ్మాయిని ఎప్పుడు పంపిస్తారు మరి?” అని అవతలి మనిషి కస్సుమన్నాడు.

“నాకు ఆడపిల్లల్లేరయ్యా. అయినా ఫోన్లో అరిస్తే ఎవరు పంపిస్తారు? ఎల్లి తీసుకొచ్చుకో,” అని పెట్టేసింది.

ఈ ఏడు రెండో కోత నడుస్తుండగా ఒక పొద్దున ఆటో ఊరి చివర ఆగేసరికి సగం మందే ఉన్నారు. చాలాసేపు హారన్ కొట్టాక లేటు మరియమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

“మిగతావాళ్ళు ఏరే?”

“బుల్లయ్య గారి ట్రాక్టరు ఎక్కి పోయారుగా అక్కా. నాక్కూడా చేశాడు ఫోను. నేను తయారయ్యేసరికి ఎల్లిపోయింది.”

“నాతో చెప్పకుండానే?”

“నువ్వు చెప్పబట్టే చేశాడనుకున్నాం. నువ్వియ్యకపోతే ఆయనకి మా నెంబర్లు ఎట్టా వస్తాయి?”

ఉన్నవాళ్ళను శేషయ్య చేలో దించి, ఎలీసమ్మ అదే ఆటోలో బుల్లయ్య చేలోకి వెళ్ళింది. గట్టు ఎక్కకముందే గొంతు ఎక్కింది.

“ఏందండీ బుల్లయ్య గారూ! నా మనుషుల్ని దొంగచాటుగా ఎక్కించుకొచ్చారు?”

“దొంగచాటేంది? నెంబర్లు నా ఫోన్లో ఉన్నాయి, చేశా.”

“మీ ఫోన్లోకి ఎట్టా వచ్చాయండీ?”

“అది నేనడగాలి నిన్ను!”

బుల్లయ్య ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. ఎర్రచీర మరియమ్మ. కళ్ళజోడు మరియమ్మ. లేటు మరియమ్మ. మజ్జిగ శేషయ్య. ఆయన వేలు ఇంకాస్త వెతికి ఒకచోట ఆగింది. పీనాసి బుల్లయ్య.

“నిన్న మా ఆవిడకి ఫోను చేస్తే దాని ఫోన్లో ఈ పేరే పడింది. పక్కన మా వియ్యపురాలు కూడా ఉంది. ఇద్దరూ అన్నాలు తినేదాకా నవ్వుతానే ఉన్నారు. ఎవరు పెట్టారబ్బా ఈ పేరని నా ఫోన్లో వెతికితే, నీ ముఠా మొత్తం తగిలింది. సరే, పీనాసోడికి మేస్త్రి ఎందుకు, నేనే పిలుచుకుంటానని పిలిచా.”

సాళ్ళలో కోత ఆగిపోయింది. ఎర్రచీర మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ పేరు ఎలీసమ్మ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. తనకోసం రాసుకుంది, అంతే. మనసులో అనుకున్న మాట ఎదుటివాడి జేబులోంచి బయటికి వచ్చింది. కళ్ళు దించుకుంటే పట్టా మీద పోసిన కాయ కనిపించింది.

“ఇదేం కోతండీ? ఇంత దోరకాయ కోయించారు! కల్లంలో ఎండేసరికి తెల్లబడి, తాలు కింద సగం ధరకి పోద్ది.” తర్వాత సాళ్ళ వైపు తిరిగింది. “మీ కళ్ళేమయ్యాయే? పండుకాయే తెంచండి!”

చేతులు మళ్ళీ కదిలాయి. బుల్లయ్య కాయలు చేతిలోకి తీసుకుని చూసి, తల గోక్కున్నాడు.

“ఫోను ఎక్కడ కొన్నారు?” అంది ఎలీసమ్మ.

“అన్వర్ దగ్గర. మా ఆవిడది కూడా.”

“నాదీ అక్కడే.”

ఇద్దరూ పర్చూరు వెళ్ళి అడిగితే అన్వర్ దాచిపెట్టిందేమీ లేదు. “మెయిల్ ఐడీ ఇవ్వకపోతే ఫోను మొదలవ్వదు పిన్నీ. మీకెవరికీ లేదాయె. పత్తి అమ్ముకున్న రోజుల్లో కొట్టు కిటకిటలాడుద్ది. నా కొట్టు పేరున ఒకటి చేసి అందరికీ అదే పెట్టా. పాస్‌వర్డ్ మర్చిపోయే బాధ ఉండదు కదా అని.”

“అందరి ఇళ్ళకీ ఒకే తాళం వేసి, అందరికీ చెవులిచ్చాడు,” అంది లోపల బల్ల దగ్గర రిపేరు చేస్తున్న అతని భార్య నస్రత్. “ఒకరు రాసుకున్న పేరు అందరి ఫోన్లలోకీ ఎక్కుద్ది. పైగా మంచి పని చేశాననుకున్నాడు.”

“ఈ పేర్లన్నీ ఇప్పుడే తుడిచేస్తా!” అని బుల్లయ్య ఫోను మీదకు వేలు తెచ్చాడు.

“ఆగండి బాబాయ్!” నస్రత్ లేచొచ్చి ఫోను లాక్కుంది. “మీరు ఇక్కడ తుడిస్తే ఈమె ఫోన్లోనూ పోతాయి. ఊరందరివీ పోతాయి.”

ఎలీసమ్మ తన ఫోను తీసి నస్రత్ చేతిలో పెట్టింది. ముఠా అంతా బుల్లయ్య వేలికింద ఉండి తప్పించుకుంది.

గుంటూరులో చదివే రోజుల్లో నస్రత్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళ తరగతులకు, అంటే ఎవరైనా ఊరికే వాడుకుని విప్పి చూసుకోగల ప్రోగ్రాముల గురించి చెప్పే తరగతులకు వెళ్ళేది. కొట్లో ఆ ముచ్చట ఎత్తితే బేరం పోతుందని అన్వర్ ఆపేవాడు. ఆ రోజు ఆపలేదు. ఎలీసమ్మ తన పేర్లు చెబుతుంటే నస్రత్ ఒక్కొక్కటే గుర్తు పెట్టి, ముందు మెమరీ కార్డులోకి ఎక్కించింది. మెయిల్ అడగని యాప్‌ల కొట్టు నుంచి ఒక ఫోన్‌బుక్ యాప్ దించి, పేర్లన్నీ అందులో పోసింది. అవన్నీ చేరాయని ఎలీసమ్మకు చూపించాకే, ఉమ్మడి ఖాతాలో వాటిని తుడిచి, ఆ ఖాతాను ఫోన్లోంచి తీసేసింది. బుల్లయ్య ఫోన్లోంచి మరియమ్మలు ముగ్గురూ ఆయన చూస్తుండగానే మాయమయ్యారు.

“ఇది ఊరికేనా?” అంది ఎలీసమ్మ అనుమానంగా. “ఊరికే ఇచ్చేవాడికి లాభమేంది?”

“వాళ్ళకీ వాడుకోడానికి కావాలి పిన్నీ, అందుకని చేసుకున్నారు. ఎట్టా చేశారో దాచలేదు, తెలిసినోళ్ళు ఎవరైనా విప్పి చూడొచ్చు. దీనికి నెట్టు వాడే అనుమతే లేదు. పేర్లు ఫోను దాటి పోవాలంటే నువ్వే పంపించాలి.”

“మా అమ్మ గింజలు బూడిదలో కలిపి కుండలో దాచుకునేది. అట్టాగా?”

“అట్టాగే. కార్డు కూడా జాగ్రత్తగా పెట్టుకో. ఫోను పోయినా గింజలుంటాయి.”

బుల్లయ్యకూ ఆయన భార్య పిచ్చమ్మకూ అలాగే వేరు చేసింది. మిగతా ఊరినంతా రోజుకు కొందరు చొప్పున రమ్మని అన్వర్ కబురు పెట్టాడు. అల్లుడు గార్లను ఎవరి అత్తగారికి వారిని అప్పజెప్పేసరికి అతని తలప్రాణం తోకకు వచ్చిందని నస్రత్ నవ్వుతూ చెప్పింది.

మూడో కోతకు బుల్లయ్య ఎలీసమ్మకే ఫోను చేశాడు.

“మనుషుల్ని నువ్వే తీసుకురా ఎలీసమ్మా. తాలు బాగా తగిలింది పోయినసారి. నీళ్ళ క్యాన్లు నేనే పెట్టిస్తాలే.”

“సరేనండి.”

“అదీ... నా పేరు మార్చావా?”

“నా ఫోన్లో నేనేం రాసుకుంటే మీకెందుకండీ? ఆటో ఏ గట్టు దగ్గర ఆపాలో చెప్పండి.”

బుల్లయ్య నవ్వి, గట్టు చెప్పి పెట్టేశాడు. తెర మీద పీనాసి బుల్లయ్య అన్న పేరు కాసేపు అలాగే ఉంది. క్యాన్లు చేలోకి వచ్చాక చూద్దాంలే అనుకుంది. పొయ్యి మీద కూర ఒకసారి కలిపి వచ్చి, గడపలో కూర్చుని, ముందు లేటు మరియమ్మకు ఫోను కలిపింది.