ఎర్రమ్మత్త ఎండబెట్టిన పుస్తకాలు

మా ఎర్రమ్మత్తది పాముపగ. ఈ మాట ఆవిడ ముందే అంటుంటాను, ఆవిడా కాదనదు.

మలేసియాలో మా ఊరు ఇపోలో ఒక పాత చీనా గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఊడ్చి తుడిచిన మనిషి ఆవిడ. తగరపు గనుల షావుకార్లు చందాలు వేసుకుని, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చని పెట్టిన గ్రంథాలయం అది. ఇప్పుడు ఆ పాత చీనా రాత కమిటీవాళ్ళకే సరిగా రాదు. గొప్పలకు మాత్రం తక్కువ లేదు. జపానువాళ్ళు వచ్చినప్పుడు చీనా పుస్తకం దొరికితే తల పోతుందని అందరూ వణుకుతుంటే, సుంగై సిపుట్ రబ్బరు తోటలో పనిచేసే మా ముత్తాత, అంటే అత్తకు తాత, వాటిని గోతాల్లో మోసుకుపోయి రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగది అటక మీద మూడున్నరేళ్ళు దాచాడు. ఆ మంచితనం తలుచుకునే అత్తకు అక్కడ పని ఇచ్చారు.

ఏటా చీనావాళ్ళ ఆరో నెల ఆరో రోజున పుస్తకాలను ఎండలో పెట్టడం అక్కడి ఆచారం. బల్లల మీద పరిచి, తేమ పోయేలా ఒక్కో కాగితం తిప్పాలి. ఆ పని అత్తదే. ఒక్క అక్షరం రాకపోయినా, ఏ కాగితాన్ని పురుగు ఎక్కడ తొలిచిందో ఆవిడ వేలికి తెలుసు.

మూడేళ్ళ కిందట ఎనిమిది పుస్తకాల్లో వేలికి కన్నాలు తగల్లేదు. కన్నం ఉండాల్సిన చోట నల్లచుక్క ఉంది. పాత అట్టల మధ్య జిరాక్సు నకలు కాగితాలు పెట్టి కుట్టేశారు. పక్క గదిలోనే కమిటీ అధ్యక్షురాలు పువాన్ లియాంగ్, అంటే లియాంగ్ అమ్మగారు, ఉంది. ఆమెకు చెబితే సరిపోయేది. అత్త వెళ్ళి గుమాస్తా శివనేశన్‌కు చెప్పింది. తండ్రి తమిళుడు, తల్లి మన తెలుగామె, మనవాడే కదా అనుకుంది.

"అక్కా, ఎవరికీ చెప్పొద్దు లా. నేను చూసుకుంటాను," అన్నాడతను. మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

చూసుకున్నాడు మరి. నాలుగో రోజు గేటు దగ్గర అందరి ముందూ అత్త సంచి బోర్లించాడు. అన్నం డబ్బా, గొడుగు, ఒక చీనా పుస్తకం కింద పడ్డాయి. పువాన్ లియాంగ్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా రేపటి నుంచి రావద్దంది.

ఏడాదంతా మా ఇంట్లో కొబ్బరి కోరినా, చేప తోమినా శివనేశన్ పేరే. పోలీసులకు చెప్పమని నేను పోరేదాన్ని.

"నా మాట ఎవులు నమ్ముతారే మాధవీ? ఆ గేటు అందరికీ తీసే ఎండ రోజు రానీ," అనేది.

ఆ రోజు వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, జనం మధ్యలో పువాన్ లియాంగ్‌ను మలాయ్‌లో గట్టిగా పిలిచింది. దొంగ చెయ్యి పడని ఒక పుస్తకం తీసి, అందులోని అసలు కాగితాన్ని సూర్యుడికేసి పట్టింది. కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా ఆవిడ చెంప మీద పడింది. తర్వాత ఆ ఎనిమిదింట్లో ఒకదాని నకలు కాగితం పట్టింది. ఏమీ పడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అత్త పట్టింది!

కుట్లు వేయిస్తానని వాటిని బయటికి పట్టుకెళ్ళింది శివనేశన్ ఒక్కడే. ఇక బుకాయించలేక సాయంత్రానికల్లా ఎనిమిదింటి అసలు కాగితాలూ ఇంటి నుంచి తెచ్చాడు. కొనేవాడు ఇంకా కుదరలేదట. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. అత్త కాళ్ళ మీద పడ్డాడు.

పువాన్ లియాంగ్ కూడా బతిమాలింది. అతను మానేస్తాడు, నీ పని నీకిస్తాం, ఫిర్యాదు మాత్రం వద్దంది. పోలీసులు సాక్ష్యం కింద ఈ పుస్తకాలే పట్టుకుపోతారు, కేసు తేలేదాకా వాళ్ళ గదిలో తేమకు కుళ్ళిపోతాయని ఏడ్చింది. నాకూ భయం వేసింది.

"ముత్తాత ప్రాణానికి తెగించి దాచినవి అత్తా!" అన్నాను.

"పుస్తకాలకి తాతున్నాడు. నా సంచి బోర్లించినప్పుడు నాకెవులున్నారే?" అంది. అటునుంచి అటే స్టేషనుకు నడిచింది.

రెండేళ్ళయింది. అత్త పని అత్తకు వచ్చింది, కేసుకు వాయిదాల మీద వాయిదాలు. నెలకోసారి బస్సెక్కి స్టేషనుకు పోయి, పుస్తకాలున్న గదికి కిటికీ పెట్టారా అని అడిగి వస్తుంది. లేదంటారు. ఆ పూట అన్నం ముట్టదు. పోయిన నెల ఎవరో కానిస్టేబులు జాలిపడి ఒక పుస్తకాన్ని దూరం నుంచి చూపించాడట. అట్టంతా తెల్లగా బూజు. ఇంటికొచ్చి, చంటిపిల్ల పోయినట్టు ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

"పోనీ రాజీ పడిపో అత్తా, పుస్తకాలు రేపే ఇచ్చేస్తారు," అన్నాను.

పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"బూజు పట్టనీ, పురుగులు తిననీ. ఆడు బోనెక్కాల లా," అంది.