కార్డుకి పదిహేను పేర్లు

ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో మూడేళ్ళపాటు నేను ఒక చిన్న రేడియో స్టేషన్ రిసెప్షన్‌లో కూర్చున్నాను. పొద్దస్తమానం కంట్రీ పాటలే, అంటే అమెరికా పల్లెపాటలే, వేసే స్టేషన్ అది. గిటార్లు, గుర్రాలు, లారీలు, పెళ్ళాం వదిలేసి పోయిందని తాగి ఏడ్చే మగాళ్ళు. ఎం.కాం. చదివి సప్తసముద్రాలు దాటి వచ్చింది ఈ ఏడుపు వినడానికా అని రోజూ విసుక్కునేదాన్ని. "ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం కంటే నయం కదా" అనేవారు మావారు. ఆయనకేం, ఆఫీసులో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటారు.

ఆ ఒక్క ఏడుపూ చాలదన్నట్టు పక్క ఊళ్ళో ఇంకో స్టేషన్ తెరిచారు. వాళ్ళూ కంట్రీయే. మా దగ్గర ఎనిమిదింటికి మోగిన పాట వాళ్ళ దగ్గర ఎనిమిదింపావుకి మోగేది. రెండు చోట్లా అదే కార్పెట్ షాపు ప్రకటన. మా మేనేజర్ తన గదిలో ఒక రేడియో పెట్టుకుని రోజంతా వాళ్ళ స్టేషనే వినేవాడు. మా స్టేషన్ని ఎవరు వినేవారో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం మధ్యాహ్నం ఒక గంట శ్రోతలు కార్డు రాసి కోరిన పాటలుండేవి. దాన్ని నడిపే ప్రెజెంటర్ డెబ్భైకి దగ్గరపడిన పెద్దాయన. నన్ను 'లవ్' అని పిలిచేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇక్కడ బస్సు డ్రైవర్లు కూడా అందరినీ అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. చేరిన కొత్తలో ఫోన్ ఎత్తాలంటే నాకు భయం. అవతలివాళ్ళ యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన వారం రోజులు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ కాల్‌కి ఏం చెప్పాలో నేర్పారు. ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. సార్ అనే అనేదాన్ని, ఆయన నవ్వేవారు.

రెండో స్టేషన్ వచ్చాక ఆయనకొచ్చే కార్డులు తగ్గిపోయాయి. వారానికి రెండో మూడో, అంతే. "నెలాఖరులోగా కార్డులు పెరగకపోతే ఆ గంట కంప్యూటర్‌కి అప్పగిస్తాను. దానికి టీ కూడా అక్కర్లేదు" అని మేనేజర్ అందరి ముందే అనేశాడు. ఆ రోజు పెద్దాయన కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఆ గంట ఉందనే నేను మిగతా వారమంతా లేచి తిరుగుతున్నాను, లవ్" అన్నారు.

ఆ శనివారం మా తెలుగువాళ్ళం పది కుటుంబాలు ఒకరింట్లో భోజనాలకి చేరాం. విషయం చెప్పాను.

"ఆ గుర్రాల పాటలా! వాటి సంగతి మాకేం తెలుసు వదినా?" అంది ఒకావిడ.

"పాట పేరు నేను చెప్తాలే. రైలు పాట ఒకటుంది, అది రాయండి. కింద మీ పేర్లుంటే చాలు."

పేర్లు అనగానే అందరికీ ఊపొచ్చింది. చిన్నప్పుడు రేడియోలో కోరిన పాటలు వింటూ పెరిగినవాళ్ళమే అందరమూ. పాట కంటే ముందు చదివే పేర్లే ఎక్కువసేపు సాగేవి. ఒక్క కార్డు మీద వీధి వీధంతా ఉండేది. ఇక్కడ మా వీధి చివర ఉండే ఆంటీ పెన్ను లాక్కున్నారు. ఆవిడ రాత ముత్యాల కోవ.

"మా చెల్లెలి పిల్లల్ని కూడా వేస్తున్నా. తెనాల్లో ఉంటే ఏం, పేరే కదా!"

"మా పాపకింకా బారసాల కాలేదు ఆంటీ."

"బుజ్జిపాప అని రాస్తాలేవే."

కార్డుకి పదిహేను పేర్లు, పది కార్డులు, అన్నీ ఆవిడ దస్తూరీయే. పోస్టులో తానే వేస్తానని సంచీలో పెట్టుకున్నారు.

కార్డులు చూసి పెద్దాయన మురిసిపోయారు. శుక్రవారం నన్ను కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ రెండేసిసార్లు పలికించుకున్నారు. నా నోరు నొప్పెట్టింది. "కొన్ని వదిలెయ్యండి సార్, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాను.

"రాసినవాళ్ళు వింటారు కదా" అన్నారు ఆయన.

ఆదివారం మా ఇంట్లో అందరం రేడియో చుట్టూ చేరాం. గంట చివర్లో మా కార్డులు మొదలయ్యాయి. ఆయన తడబడుతూనే ఒక్క పేరూ వదలకుండా చదువుతున్నారు. మాది రెండో కార్డు. "మమ్, హి సెడ్ మై నేమ్ రాంగ్!" అని మా అమ్మాయి ఒకటే నవ్వు. మా పేర్లు అయ్యాయో లేదో, మావారు రేడియో కట్టేసి టీవీలో క్రికెట్ పెట్టారు. నేను పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళాను.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు. "ఆ రెండో స్టేషన్లో కూడా చదివారే అమ్మాయ్! అన్నీ కాదనుకో, కానీ మన కార్డులే!"

"వాళ్ళకీ పంపారా ఆంటీ?"

"పంపనూ మరి? ఇంటికెళ్ళి ఇంకో పది రాశాను. ఊళ్ళో ఉన్నప్పుడు ఎన్ని స్టేషన్లు తగిలితే అన్నిటికీ రాసేవాళ్ళం కాదూ! ఎవరు చదివితే వాళ్ళ పుణ్యం."

ఆవిణ్ణి ఏమనను? నేనైనా అంతే చేసేదాన్ని.

సోమవారం మేనేజర్ పది కార్డులూ బల్ల మీద పరిచాడు. "అన్నీ ఒకే చేతిరాత. ఇవే పేర్లు నిన్న వాళ్ళ దగ్గరా విన్నాను. వీటిని నువ్వే పుట్టించావా?" అని పెద్దాయన్ని అడిగాడు. ఆయన మొహం కందగడ్డయింది. నేను అడ్డుపడ్డాను. మాలో ఒకరే అందరికీ రాస్తారని, దొరికిన ప్రతి స్టేషన్‌కీ పంపుతారని చెప్పుకొచ్చాను. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది.

"ఒక్క పాటకి పదిహేనుమందా?" అన్నాడు మేనేజర్. కార్డులన్నీ పోగుచేసి చెత్తబుట్టలో పడేశాడు. వచ్చే ఆదివారం నుంచి ఆ గంట ఉండదన్నాడు.

స్టేషన్ వంటగదిలోకి వెళ్ళేసరికి పెద్దాయన కప్పు కడుక్కుంటున్నారు. చేసిందంతా నేను, పడింది ఆయన. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలనిపించింది.

"ఆ రైలు పాట మావాళ్ళకి భలే నచ్చింది సార్. మా ఇంట్లో అందరం చివరిదాకా విన్నాం" అన్నాను.

ఆయన కొళాయి కట్టేశారు.

"పాట వెయ్యలేదు, లవ్. పేర్లన్నీ చదివేసరికి వార్తల టైమ్ అయిపోయింది" అన్నారు.