పదిహేడో నంబరు హాజరు

మేమంతా తక్కెడ అని పిలిచే మా క్లాస్‌మేటు ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క దొంగ తూకాన్ని కూడా చూసీ చూడనట్టు వదల్లేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. భుజాన బరువైన సంచీ, అందులో మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టె, పెట్టెలో వరసగా ఇత్తడి తూకపురాళ్లు. వాటిని చేత్తో ముట్టుకునేవాడు కాదు. చెమట అంటితే బరువు మారుతుందని పట్టకారుతో తీసేవాడు. ఒకసారి సొంత బావమరిది కొట్లో కాటా ఇరవై గ్రాములు తేడా చూపిస్తే దానికి సీలు వేసి, ఇంటికొచ్చి భార్యకు తానే చెప్పాడు. ఆవిడ నెల రోజులు అతనితో మాట్లాడలేదు. కంచం మాత్రం ముందు పెట్టేది, ఠంగుమని.

అలాంటి మనిషి మూడేళ్లపాటు రోజూ ఉదయం ఎనిమిదింటికి నాకు అబద్ధం చెప్పాడు. 

యూనివర్సిటీలో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. చదివినప్పుడు మేం ఇరవై ఆరుగురం. ఇప్పుడు తొమ్మిదిమందిమి మిగిలాం. హాజరు పట్టీలో నాది నాలుగో నంబరు. అప్పుడు క్లాసు లీడర్ని, తర్వాత హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ని. హాజరు పిలవకపోతే నాకు తెల్లారినట్టుండదు. అందరూ నన్ను లీడరమ్మా అంటారు. వెనకాల ఇంకేదో అంటారని తెలుసు, పట్టించుకోను.

ఈ హాజరు సరదాకి మొదలైంది కాదు. మా తొమ్మిదో నంబరు ఒంటరిగా ఉండేవాడు. పోయిన నాలుగో రోజుకు పక్కింటివాళ్లకు తెలిసింది, పదో రోజుకు మాకు తెలిసింది. ఆ నాలుగు రోజులూ మేం గ్రూపులో పంపుకున్న గుడ్ మార్నింగ్ పువ్వులు అతని ఫోన్లోకి చేరుతూనే ఉన్నాయట. ఆ మాట విన్నాక నాకు భయం పట్టుకుంది. ఎవరికి వాళ్లం బాగానే ఉన్నామనుకుంటూ, చచ్చినవాడికి పువ్వులు పంపుతున్నాం. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

అందుకని నియమం పెట్టాను. ఉదయం ఎనిమిదికి అందరికీ కలిపి ఒకే ఫోన్ కాల్. నేను నంబరు పిలవాలి, వాళ్లు ప్రెజెంట్ అనాలి. పలక్కపోతే తొమ్మిదిలోపు విడిగా ఫోన్ చేస్తాను. అప్పటికీ ఎత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్లు పోయి తలుపు కొట్టాలి. ఆదివారాలు హాజరయ్యాక తలా రెండు నిమిషాలు సొంత కబుర్లు. మోకాళ్లు, మనవలు, కొత్త కళ్లద్దాలు, ఎవరి కోడలు ఏమంది. ఆ రెండు నిమిషాల నియమాన్ని ఎవరూ ఖాతరు చేయరు, నేను తప్ప.

తక్కెడది పదహారో నంబరు. పదిహేడోవాడు అతని ప్రాణస్నేహితుడు, క్లాసులో పక్క బెంచీ. వాడి పేరు మేమంతా మర్చిపోయాం, నిద్రమొహం అనే పిలుస్తాం. చదువుకునే రోజుల్లోనే పదింటి ముందు లేచిన పాపాన పోలేదు. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం కూడా తగినట్టే దొరికింది. పత్రికాఫీసులో రాత్రి డ్యూటీ ప్రూఫ్‌రీడరు. రిటైరయ్యాడు గానీ నిద్ర రిటైరవలేదు. భార్య పోయి ఆరేళ్లు. కూతురు దూరంగా ఉంటుంది, ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఒక మేడ మీద రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. కింద ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

కాలేజీలో నిద్రమొహానికి తక్కెడ ప్రాక్సీ పలికేవాడు. పదహారు అనగానే తన గొంతుతో ప్రెజెంట్ అనడం, ఒక గుటక మింగడం, పదిహేడు అనగానే బొంగురుగా మరో ప్రెజెంట్. లెక్చరర్లు తలెత్తేవారు కాదు. ఒక్క కాటా విషయంలో కూడా తప్పు చేయనివాడు ఆ ఒక్క తప్పు మాత్రం మనస్ఫూర్తిగా చేశాడు. నా నియమం వచ్చిన వారానికే మళ్లీ మొదలుపెట్టాడు.

"ఎనిమిదింటికి లేస్తే ఆ రోజే పోతాన్రా. నా హాజరు నువ్వు వేసెయ్, నేను పదిన్నరకి లేస్తాగా" అన్నాడట నిద్రమొహం.

తక్కెడ ఊరికే ఒప్పుకోలేదు. అతను పిరికివాడు. గ్యాస్ మీట మూడుసార్లు చూసుకుంటే గానీ పడుకోడు. రోజూ పదిన్నరకి నేను ఫోన్ చేస్తాను, నువ్వు ఎత్తాలి, ఎత్తి తిట్టినా సరే అని షరతు పెట్టాడు. మూడేళ్లు నిద్రమొహం రోజూ ఎత్తాడు, రోజూ తిట్టాడు. ఆ తిట్లు వింటే తక్కెడకి ప్రాణం కుదుటపడేది.

ఆ మంగళవారం తక్కెడ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిదికి మాత్రం ఇద్దరి హాజరూ పలికాడు. ఆస్పత్రిలో కళ్లలో చుక్కలు వేశారు, చూపంతా మసకబారింది. భార్య చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చి కళ్లు మూసుకుని పడుకున్నాడు. పదిన్నర ఎప్పుడు దాటిందో తెలీదు. సాయంత్రం గుర్తొచ్చింది గానీ, రేపు రెండు రోజుల తిట్లు ఒకేసారి తింటానులే అనుకున్నాడు. బుధవారం ఎనిమిదికి మళ్లీ పలికాడు. పదహారు, గుటక, పదిహేడు. పదిన్నరకి ఫోన్ చేశాడు.

ఎత్తలేదు.

నిద్ర లేవలేదేమో అనుకున్నాడు. పది నిమిషాలాగి చేశాడు. స్నానంలో ఉన్నాడేమో అనుకున్నాడు. మళ్లీ చేశాడు. నాలుగోసారి మోగి మోగి ఆగిపోయాక లెక్క వేసుకున్నాడు. వాడి గొంతు తాను చివరిసారి ఎప్పుడు విన్నాడు? సోమవారం పదిన్నరకి. మంగళవారం విన్నది తన గొంతే. ఇవాళ విన్నదీ తన గొంతే. రెండు రోజులుగా పదిహేడో నంబరు ఉన్నాడని లోకానికి చెబుతున్నది తానొక్కడే.

"ఎక్కడికండీ, ఆ కళ్లతో?" అంది భార్య.

"వాడు ఫోన్ ఎత్తట్లేదు."

"లీడరమ్మగారికి చెప్పండి. ఎవర్నైనా పంపిస్తారు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నిద్రమొహం ఇంటికి రెండు వీధుల అవతలే మా ఐదో నంబరు ఉంటుంది. నాకొక్క ఫోన్ చేస్తే పది నిమిషాల్లో ఆమె తలుపు దగ్గరుండేది. తక్కెడ ఫోన్ చేతిలో పట్టుకుని నా నంబరు తీశాడు. చేస్తే, వాడు పొద్దున పలికాడు కదయ్యా అని నేనంటాను. అప్పుడేం చెప్పాలి? ముందు వెళ్లి చూద్దాం, వాడు తలుపు తీసి తిడితే ఎవరికీ చెప్పే పనే ఉండదనుకుని ఫోన్ జేబులో పెట్టేశాడు. ఈ ముక్క నాకు నాలుగుసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. ఇంకా మసక వదలని కళ్లకు బోర్డులు ఆనక, ఎక్కాల్సిన రెండో బస్సును వదిలేసి తర్వాతిది ఎక్కాడు. గంటా పది నిమిషాలు పట్టింది. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

కింద కుట్టుమిషను ఆగింది.

"పైన సారుని చూశారామ్మా?"

"నిన్న కనపడలేదండీ. ఇవాళా కనపడలేదు. నిన్న ఏదో దబ్బున చప్పుడైతే, పుస్తకాలు సర్దుకుంటున్నారేమో అనుకున్నా." అంటూనే ఆవిడ మిషను దగ్గర్నుంచి లేచింది. "ఏమైందండీ?"

తక్కెడ మెట్లెక్కాడు. తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టాడు, పిలిచాడు. పలుకు లేదు. ఫోన్ తీసి నొక్కి, తలుపుకు చెవి ఆనించాడు. లోపల ఎక్కడో ఫోన్ మోగుతోంది. తాను చేస్తున్న ఫోన్ తనకే వినపడుతోంది, ఎత్తేవాడు లేడు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. తలుపు తెరవాలని ఎంత ఉందో, తెరుచుకోకూడదని అంతే ఉందట. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేనైనా అంతే అనిపించింది.

పక్క వీధి వడ్రంగిని కుట్టుమిషనావిడే పిలుచుకొచ్చింది. గడియ ఊడగొట్టడానికి పావుగంట పట్టింది.

నిద్రమొహం వంటగదిలో నేల మీద ఒక పక్కకి పడి ఉన్నాడు. మంగళవారం తెల్లవారుతుండగా నీళ్లకని లేచి, జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పెదాలు పగిలిపోయాయి, ఒళ్లు కాలిపోతోంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. తక్కెడ మోకాళ్ల మీద కూర్చుని చెంచాతో నీళ్లు పోశాడు. సగం బయటికి కారాయి.

"రెండు రోజులూ వేశావా?" అన్నాడు నిద్రమొహం.

తక్కెడ తలూపాడు.

"ఎనిమిదింటికి ఫోన్ మోగింది. లీడరమ్మ పిలుస్తోందని తెలుసు. వెయ్యకురా, ఇవాళ ఒక్కరోజు వెయ్యకురా అని అరిచాను. కింద మిషను మోతలో ఎవరికి వినపడుద్ది? తొమ్మిదింటికి ఎవరైనా వస్తారేమోనని మెట్ల వైపే చెవి పెట్టి ఉన్నా. నువ్వు పదిన్నరకైనా చేస్తావనుకున్నా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇవాళ పొద్దున మాత్రం అరవలేదు. ఓపిక లేదు."

గురువారం ఎనిమిదికి నేను మామూలుగానే హాజరు పట్టీ ముందేసుకుని పిలిచాను. వాడు పడిన సంగతి అప్పటికి నాకు తెలీదు. పదహారు అన్నాను. ప్రెజెంట్ అన్నాడు. పదిహేడు అన్నాను. బొంగురు గొంతు కోసం పెన్ను ఎత్తి పట్టుకున్నాను.

"పదిహేడు ఆబ్సెంట్" అంది తక్కెడ గొంతు. "నిన్నా ఆబ్సెంటే, మొన్నా ఆబ్సెంటే. పలికింది నేను. మూడేళ్లుగా పలుకుతున్నది నేనే. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు, బతుకుతాడో లేదో చెప్పలేం అంటున్నారు."

 నాకు నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. అంతలో ఐదో నంబరు సన్నగా అంది, "నాకు తెలుసు. గొంతు మార్చినా, ముందు మింగే గుటక నీదే."

"నాకూ తెలుసురా" అన్నాడు ఇరవై ఒకటి.

"ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటారు, చూసుకుంటారులే అనుకున్నాం" అంది రెండో నంబరు.

నేను తిట్టలేకపోయాను. ముప్ఫై ఏళ్లు పిల్లల హాజరు పిలిచినదాన్ని, దొంగ గొంతు పోల్చుకోలేనా? మొదటి రోజే పోల్చుకున్నాను. ముసలాళ్లు మళ్లీ కుర్రాళ్లయ్యారని లోలోపల నవ్వుకుని టిక్కు పెట్టాను. పట్టీలో పదిహేడో వరస నిండా టిక్కులే. ఆ వరస చూస్తే తలకొట్టేసినట్టయింది. తొమ్మిదో నంబరుకు పువ్వులు పంపాం, పదిహేడుకు టిక్కులు పెట్టాం. ఏమిటి తేడా?

ఆపరేషను చేశారు. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కూతురు వచ్చింది, తండ్రి మంచం పక్కనే ఉండిపోయింది. తక్కెడ వరండాలో బల్ల మీద కూర్చుని అక్కణ్నుంచే హాజరు పలికేవాడు. పదహారు ప్రెజెంట్. పదిహేడు ఆబ్సెంట్, ఊపిరి ఉంది. రోజూ అదే మాట. నేను పదిహేడు అన్నాక అతను నోరు తెరిచేదాకా ఉండే ఆ ఒక్క క్షణం కోసం నేను తెల్లారకముందే లేచి భయపడుతూ కూర్చునేదాన్ని. ఐదో రోజు ఆ క్షణం మరీ సాగింది. ఫోన్లో అవతల ఎవరో ఏడ్చారు. తక్కెడ దగ్గుకుని, ఊపిరి ఉంది అన్నాడు.

తొమ్మిదో రోజు పదిహేడు అన్నాను.

"ప్రెజెంట్."

బొంగురు గొంతు. ముందు ఒక గుటక కూడా. సంతోషం రావాల్సింది పోయి నాకు అనుమానం వచ్చింది. ఆ గొంతు అచ్చం తక్కెడ పలికే దొంగ గొంతులాగే ఉంది. వాడు పోయి ఉంటే? పోయాడని చెప్పలేక ఇతను మళ్లీ పలుకుతుంటే? 

"ఎవరు పలికింది?" అన్నాను. 

"నేనే లీడరమ్మా" అన్నాడు తక్కెడ. వెంటనే కంగారుగా, "అంటే నేను కాదు, వాడే. ఒట్టు."

"నీ ఒట్టు నాకొద్దు. ఇద్దరూ ఒకేసారి పలకండి. పదహారు, పదిహేడు."

 మంచం కిర్రుమంది. తర్వాత ఒక గొంతు ఏడుస్తూ, ఒక గొంతు విసుక్కుంటూ, రెండూ ఒకదాని మీద ఒకటి పడుతూ ప్రెజెంట్ అన్నాయి. విసుక్కునే గొంతు ఇంకా ఏదో అంది.

"ఏమన్నావ్?"

"ఇంత పొద్దున్నే ఏం పీకుదామని లేపుతారు అంటున్నాడు" అన్నాడు తక్కెడ.

నేను పెన్ను తీసుకున్నాను. నొక్కిపెట్టిన టిక్కు గడి దాటిపోయింది. పద్దెనిమిది నుంచి ఇరవై వరకు ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి ఇరవై ఒకటి పిలిచాను.