గోడవారన మూడో బెంచీ

మొన్న ఆదివారం సినిమాకు పోదామని మా అమ్మాయి ఫోనులో సీట్లు చూపించింది. అన్నీ చిన్న చిన్న గళ్లు. కావలసిన దాన్ని వేలితో నొక్కమంది. కళ్లద్దాలు వెతికి పెట్టుకుని నడిమి వరుసలో ఒకటి ఎంచుకునేంతలో అది ఎవరి పాలో అయిపోయింది, ఇంకొకటి నొక్కబోతే అదీ అంతే, చివరికి ఒక మూల మిగిలింది. ఈ వయసులోనూ సీటు కోసం ఉడుక్కోవడమేమిటని విసుక్కుంటుంటే, గద్వాలలో మా చిన్నప్పటి టాకీసు గుర్తొచ్చి ఆ విసుగు రెట్టింపయింది.

అది రేకుల కప్పు టాకీసు. ఎడమ పక్కన నడుమెత్తు గోడ కట్టి, ఆడవాళ్లకు వేరుగా బెంచీలు వేశారు. మధ్యలో లావుపాటి స్తంభాలు. వాటి వెనుక చిక్కితే హీరో కనబడ్డప్పుడు హీరోయిన్ కనబడదు. మా తరం వాళ్లకు ఈ బాధ విప్పి చెప్పనక్కరలేదు. గోడవారన మూడో బెంచీ చివర కూర్చుంటేనే బొమ్మ నిండుగా కనిపించేది. మా అమ్మకు ఆ చోటు మరీ అవసరం. ఆమెకు ఎడమ చెవి వినపడదు, అక్కడైతే కుడి చెవి సౌండు పెట్టెకు ఎదురుగా ఉండేది. మగ్గం మీద చీరలు నేసే మా అమ్మకు సినిమా అంటే ప్రాణం. చూసొచ్చిన కథను మగ్గం గుంటలో కూర్చుని, చేతిపని ఆపకుండానే, మా పిన్నికి రోజుల తరబడి చెప్పేది.

ఎండలో ముందుగా పోయి ఆ చోటు పట్టుకునేవాళ్లం. తీరా ఆట మొదలయ్యాక పెద్దిళ్ల ఆడవాళ్లు వచ్చేవారు, గేటు దగ్గరి మనిషి టార్చి వేసుకొచ్చి మమ్మల్ని లేపేవాడు. అమ్మ లేచి స్తంభం వెనక్కి పోయేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆటకు అమ్మ, పిన్ని, నేను పోయాం. ఎప్పటిలాగే గేటు మనిషి, వెనకాలే ఒక పెద్దింటావిడ వచ్చారు.

“జర లేవమ్మా, పెద్దింటోళ్లొచ్చిన్రు.”

“నేను లెవ్వ,” అంది అమ్మ. “నాకు ఒక చెవి ఇనవడదు. స్తంభం ఎనక కూసుంటే నాకేం తెలుస్తది?”

“గదంత నాకు తెల్వదు. లేవకుంటే ఆట ఆపుతరు.”

“ఆపుకోండ్రి.”

నిజంగానే ఆపేశారు. లైట్లు వెలిగాయి. మగవాళ్ల వైపు నుంచి ఈలలు, తిట్లు. “లేవక్కా, ఇజ్జత్ పోతున్నది,” అని పిన్ని చెయ్యి పట్టి లాగింది. అమ్మ బెంచీ అంచును రెండు చేతులా బిగించి పట్టుకుని, ఏమీ లేని తెరకేసి చూస్తూ కదలకుండా కూర్చుంది. చివరికి ఆ పెద్దింటావిడే విసుగెత్తి, “ఆట నడువనియ్యి, నేను గీడ కూసుంట,” అని స్తంభం వెనుక కూర్చుంది.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అమ్మ మాత్రం బెంచీ అంచు వదల్లేదు. ఇంటర్వెల్ దాటినా, మళ్లీ ఎవరొచ్చి లేపుతారోనని తెర వదిలి గేటు వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పిన్ని మగ్గం దగ్గరికొచ్చి కథ చెప్పమని అడిగింది. అమ్మ తెగిన పోగును ముడేస్తూ, “ఏం జూసిన్నో నాకే తెల్వదే,” అంది. ఆ తర్వాత నేనెంత బతిమాలినా టాకీసు గడప తొక్కలేదు. కళ్లు గుంజుతున్నాయనో, చీర ఆగిపోతుందనో ఏదో ఒకటి చెప్పేది.

ఇప్పుడు ఎవరి సీటుకు వాళ్ల నంబరుంది. ఎంత పెద్దింటివాళ్లయినా వచ్చి లెమ్మనరు, శబ్దం నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. సంతోషించాల్సిందే. కానీ మొన్న ఆ మూల కూర్చున్నంతసేపూ నాకు కోపంగానే ఉంది, ఎవరి మీదో చెప్పలేను. కూర్చున్న చోటు నుంచి లేవనన్న ఒక్క మాటకు, మా అమ్మకు సినిమాలే లేకుండా పోయాయి.