బిహెడ్ అంటే తల ఉండాలట

రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు నన్ను ఏలూరు నుంచి ఉండి అనే ఊరి దగ్గరి రొయ్యల ఫ్యాక్టరీకి క్వాలిటీ కంట్రోల్ ఇన్‌చార్జిగా వేశారు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని కడిగి, సైజుల వారీగా వేరుచేసి, గడ్డకట్టించి ఎగుమతి చేయడం అక్కడి పని. తలతో పంపితే హెడ్‌ఆన్, తీసి పంపితే హెడ్‌లెస్. ఈ రెండు మాటలు వస్తే ఫ్యాక్టరీలో ఇంగ్లీషు వచ్చినట్టే.

మా జనరల్ మేనేజరు గారికి మాత్రం ఇంగ్లీషు పూర్తిగా వచ్చు. ఆ సంగతి ఆయనే చెప్పేవారు. ఒకసారి విదేశీ కొనుగోలుదారు, సరుకు గడ్డకట్టించే ముందు బిహెడ్ చేయమని మెయిల్ పంపాడు. మేనేజరు గారు ఆ మాటని రెండుగా విరిచారు. బి అంటే ఉండు, హెడ్ అంటే తల. ఆర్డరు షీటు మీద ‘తల ఉండాలి’ అని రాశారు. దాని కింద నేను చదవకుండానే ఇనీషియల్స్ వేశాను. చదివి సంతకం పెట్టడం నా హోదాకి తక్కువ మరి.

తలలు తీసే సెక్షను సూపర్వైజరు మరియమ్మ గారిది తాడేపల్లిగూడెం. షీటుకి గుచ్చిన మెయిల్ చూసి మేనేజరు గారిని అడిగారట. నాకు ఇంగ్లీషు నేర్పుతారా అన్నారట ఆయన. రొయ్య ఎంతోసేపు ఆగదు. ఆవిడ సరుకంతటికీ తలలు తీయించేశారు. సాయంత్రానికి సస్పెన్షన్ చేతికొచ్చింది. ఆవిడ జీతం మీదే ఇల్లు నడిచేది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నా విచారణ రిపోర్టు తేల్చాలి.

మేనేజరు గారి ఎదుటే, ఆ మాట మీకెలా తెలుసండీ అని అడిగాను.

“మా సండేస్కూలు గోడమీద బొమ్మ ఉండేదండీ. పళ్ళెంలో, రాజుగారు నరికించిన ప్రవక్త గారి తల. కింద ఇంగ్లీషులో ఇదే మాటండీ. తల ఉండాలనే అర్థమైతే, అది ఆయన మెడ మీదే ఉండేది కదండీ?”

మేనేజరు గారు మంచినీళ్లు తాగారు. షీటు కింద నా ఇనీషియల్స్ చూసుకుని నాకు సిగ్గేసింది. ఆవిడ చెప్పిన అర్థమే సరైనదని, నేను చదవకుండా ఇనీషియల్స్ వేశానని కూడా రిపోర్టులో రాశాను. సస్పెన్షన్ ఎత్తేశారు. జరిగినదానికి కమ్యూనికేషన్ గ్యాప్ అని పేరు పెట్టారు.

కొన్నాళ్లకి మేనేజరు గారిని హెడ్డాఫీసులో ఎగుమతుల విభాగానికి హెడ్‌ని చేశారు. బి, హెడ్. ఆయన చెప్పిన అర్థమే నిలబడింది. మరియమ్మ గారు సూపర్వైజరుగానే రిటైరయ్యారు. నేను నేర్చుకున్నది ఒకటే, చదివాకే సంతకం పెట్టాలని. అప్పటికి నా సర్వీసు కొన్ని నెలలే మిగిలింది.