అడగనిదే చెయ్యి వేయరు

నా చిన్నప్పుడు మా తాతయ్య అడిక్‌మెట్ వైపు పట్టాల పక్కనున్న గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా పనిచేసేవాడు. మా అమ్మ పోయిన పదకొండు రోజులకు, ఇంట్లో నన్ను పట్టుకుని ఏడ్చేవాళ్ల మధ్య నాకు ఊపిరాడటం లేదని చూసి, ఒక పొద్దున చిక్కడపల్లి నుంచి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. నేను అప్పటిదాకా ఏడవలేదు, మాట్లాడలేదు. పిల్ల రాయైపోయిందని చుట్టాలు గుసగుసలాడుతుంటే, నిజమే కాబోలు అనుకున్నాను.

హమాలీలు వ్యాగన్లోంచి చింతపండు బస్తాలు దించుతున్నారు. తాతయ్య ఒక చిన్న సంచి నా తలకెత్తి, షెడ్డు అరుగు చివరిదాకా మోయమన్నాడు. సగం దూరం పోయేసరికి మెడ వణికింది. చుట్టూ పదిమంది ఉన్నా ఒక్కరూ కదల్లేదు, తాతయ్య కూడా. ఎంత కోపం వచ్చిందో! సంచి జారి చింతపండంతా నేలపాలైంది.

ఒక ముసలి హమాలీ వచ్చి నా పక్కన గొంతుకూర్చున్నాడు.

"మోసేటోని మూట మీద చెప్పకుండ చెయ్యేస్తే మెడ విరుగుతది బిడ్డా. అందుకే ఎవ్వరం ముట్టం. 'దించు' అని పిలువాలె. పిలిస్తే అందరం ఉరికొస్తం."

నా తల మీద ఏమీ లేదు. అయినా "దించు" అన్నాను. పదకొండు రోజుల తర్వాత నా నోట వచ్చిన మొదటి మాట అదే. తాతయ్య నన్ను ఎత్తుకున్నాడు. ఆయన భుజం మీద మధ్యాహ్నం దాకా ఏడ్చాను.

ఇప్పుడా షెడ్డు దాకా వచ్చే పట్టాలు లేవు. షెడ్డును చదువుకునే హాలు చేశారు. అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లలు పరీక్షల పుస్తకాలు ముందేసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. అరుగు మాత్రం పాతదే.

మావారు పోయి నెలైంది. నా కంట్లో తడి లేదు. పొద్దున ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండదు. మా పిల్లలు నా జోలికి రావడం లేదు. వాళ్లననడానికేముంది, ఎవరు అడిగినా "నాకేం, బాగానే ఉన్నా" అంటున్నది నేనే కదా.

నిన్న వెళ్లి ఆ అరుగు మీద కూర్చున్నాను. కాస్త దూరంలో చదువుకుంటున్న ఒకమ్మాయి తలెత్తి చూసింది.

"ఏమైంది అమ్మమ్మా? గట్ల కూసున్నరేంది?"

ఏం లేదనబోయి ఆగాను.

"జర నా పక్కన కూసుంటవా బిడ్డా?" అన్నాను.

పుస్తకం మూసి వచ్చింది. ఏడుపైతే రాలేదు. కానీ పిలవడం మాత్రం నేనింకా మరచిపోలేదు.