మా మేనత్త గీసిన రాగిరేకు

మొన్న బెంగళూరునుంచి ఒకాయన కుప్పంలో మా ఇంటికొచ్చి, పాత బొమ్మల ప్రదర్శన పెడుతున్నామని చెప్పి, మా మేనత్త రాగిరేకును ఒళ్ళో పెట్టుకొని చూసి, దాని కింద అంటించబోయే చీటీ కూడా చదివి వినిపించాడు. మదనపల్లెలో ఒక దొరసాని చెక్కినదట, మా అత్త పక్కనుండి సాయం చేసిందట. నాకు ఒళ్ళు మండింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే కదా.

మా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మిషన్ ఆసుపత్రుల దగ్గర దొరసానులు ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ నేర్పేవాళ్ళు. మదనపల్లెలో నర్సుగా ఉన్న మా అత్తకు మాత్రం ఆ దొరసాని బొమ్మలు అచ్చు వేయడం నేర్పింది, ఆ మాట నేనెప్పుడూ కాదనను. రేకు మీద మైనం పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచితే గీసినచోటల్లా గాడి పడుతుంది, ఆ గాడిలో సిరా నింపి కాగితం అద్దితే బొమ్మ. ఆ రాగి పుంగనూరులో మా అవ్వ వాడి వాడి చిల్లిపడిన నీళ్ళకాగుది, కంచరి ఆయన కోసి సాపు చేసిచ్చాడు. దాని మీద అత్త మా పొట్టి ఆవునూ, పాలు పితికే మా అవ్వనూ గీసింది.

పొరపాటు అక్కడే జరిగింది. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయని తెలిసిన దొరసాని రేకు మీద ఎప్పుడూ తిప్పి గీసేది. మా అత్త చూసింది చూసినట్టే గీసేసరికి, కాగితం మీద అవ్వ ఆవుకు కుడిపక్కన తేలింది. మా వైపు ఎడమపక్కన తప్ప కూర్చోరు, కూర్చుంటే ఆవు తంతుంది. గీకేసి మళ్ళీ గీయమని దొరసాని అంటే, అత్త రేకును కొంగులో చుట్టుకొని, "కాగితం తప్పయితే కాగితం సించేయండమ్మా, రేకులో మాయమ్మ సరిగ్గానే కూసోనుండాది" అని ఇంటికొచ్చేసిందట. మా నాయన తన అక్క గురించి ఆ మాట చెప్పి చెప్పి మురిసేవాడు.

నేర్పిన చెయ్యి చేయని తప్పు ఇది, కాబట్టి ఇది నేర్చుకున్న చేతిదేనని బెంగళూరాయనకు ఎంతో చెప్పాను. కాగితం మీద ఆధారం లేదన్నాడు, దొరసాని పేరుంటేనే జనం వచ్చి చూస్తారన్నాడు. అట్లయితే సూడొద్దులేప్పా అని రేకు తీసేసుకున్నాను.

ఇప్పుడు పాలు పితికేది మిషన్లు, ఏ పక్క కూర్చోవాలో మా మనవరాలికే తెలియదు, ఆ బొమ్మలో తప్పేమిటో చూడగానే చెప్పగలిగినవాళ్ళు మా తరంతో సరి. ఆయన వెళ్ళాక మేకుతో రేకు వెనక మా అత్త పేరు గీశాను. రాగి మీద మేకు జారి అక్షరాలు వంకరపోయాయి. పాత రేకును పాడుచేశానని అంటారేమో, అననీ.